పికిలింగ్ పేస్ట్ మూత తీసే ముందు: హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో పనిచేసేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

స్టెయిన్‌లెస్ స్టీల్‌కు వెల్డింగ్ చేశాక అతుకు పక్కన నీలం, గోధుమ, నలుపు రంగుల్లో ఒక చార మిగులుతుంది. దాన్ని పోగొట్టడానికి రాసేదే పికిలింగ్ పేస్ట్. జీడిమెట్ల, బాలానగర్, పాశమైలారం వైపు ఫార్మా కంపెనీలకు రియాక్టర్లు, ట్యాంకులు చేసిచ్చే ఫాబ్రికేషన్ షాపుల్లో ఈ ప్లాస్టిక్ డబ్బా మామూలుగా కనిపించే వస్తువే. అందులో ఏముందని రాసే మనిషిని అడిగితే "యాసిడ్ ఉంటది సార్" అంటాడు. ఏ యాసిడ్ అన్నది చాలామందికి తెలియదు. సాధారణంగా అందులో నైట్రిక్ యాసిడ్ 20 శాతం చుట్టుపక్కల, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ 5 శాతం అటూ ఇటూగా ఉంటాయి. మనం భయపడాల్సింది ఆ 5 శాతానికే. షాపుల్లో, ల్యాబుల్లో దాన్ని హెచ్‌ఎఫ్ అంటారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

వెల్డర్లు, ఫిట్టర్లు, సూపర్‌వైజర్లు, చిన్న షాపుల యజమానులు, హెచ్‌ఎఫ్ వాడే ల్యాబు విద్యార్థులు దృష్టిలో పెట్టుకుని రాసిన మార్గదర్శి ఇది. చదివే ఓపిక లేనివాళ్ళు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా ఈ డబ్బా మూత తీయకండి. ఎందుకో కింద చెబుతాను.

ఇది ఎలాంటి యాసిడ్

హైడ్రోజన్, ఫ్లోరిన్ కలిసిన హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను నీళ్ళలో కలిపితే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అవుతుంది. నీళ్ళు లేని శుద్ధమైన హెచ్‌ఎఫ్ 19.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. అంటే మన వాతావరణంలో అది వాయువు కిందే లెక్క. మార్కెట్లో దొరికే ద్రావణాలు ఎక్కువగా 40, 48, 70 శాతం గాఢతలో ఉంటాయి. గాఢమైనవి మూత తీయగానే పొగలు కక్కుతాయి. పలచన చేసినది చూడ్డానికి అచ్చం నీళ్ళే. రంగుతో పోల్చుకుందామంటే కుదరదు.

కెమిస్ట్రీ పుస్తకాల్లో దీన్ని బలహీనమైన యాసిడ్ అని రాస్తారు. రసాయన లెక్క ప్రకారం అది నిజమే. నీళ్ళలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది, హెచ్‌ఎఫ్ చాలా భాగం అణువులుగానే ఉండిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. విద్యుదావేశం లేని ఆ చిన్న అణువు చర్మం పొరలను సులువుగా దాటుకుని లోపలికి వెళ్ళిపోతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ పడితే పైచర్మం కాలుతుంది, మనిషి వెంటనే అరుస్తాడు, నీళ్ళకోసం పరుగెత్తుతాడు. హెచ్‌ఎఫ్ పైచర్మాన్ని పెద్దగా పట్టించుకోకుండా కండదాకా, కొన్నిసార్లు ఎముకదాకా దిగి, అక్కడ విడిపోయి ఫ్లోరైడ్‌ను వదులుతుంది.

దీని రెండో ప్రత్యేకత గాజును కరిగించడం. సిలికా ఎక్కడున్నా వదలదు. గాజు, పింగాణీ, ఇసుక, సిమెంటు, గ్రానైట్ అన్నీ దీనికి ఆహారమే. అందుకే దీని ద్రావణాలను సాధారణంగా ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముతారు. చాలా లోహాలతో కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అది మండే వాయువు.

ఈ యాసిడ్‌ను 1771లో స్వీడన్ కెమిస్ట్ షీలే ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం నుంచి తీసి వర్ణించాడు. ఇప్పటికీ పద్ధతి అదే: ఫ్లోర్‌స్పార్‌ను గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కలిపి, తిరిగే కొలిమిలో వేడిచేస్తారు. హెచ్‌ఎఫ్ వాయువుగా బయటికొస్తుంది, కాల్షియం సల్ఫేట్ మిగులుతుంది. దీనిలోంచి ఫ్లోరిన్‌ను విడదీయాలని 19వ శతాబ్దంలో ప్రయత్నించినవాళ్ళలో ఐర్లండ్‌కు చెందిన నాక్స్ సోదరులు విషం సోకి మంచాన పడ్డారు, బెల్జియంలో లూయే, ఫ్రాన్స్‌లో నిక్లెస్ ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1886లో ఫ్రెంచి కెమిస్ట్ మోయిసాన్ సాధించాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంత ప్రమాదమైతే వాడటం మానేయొచ్చు కదా అంటారేమో. ఏసీల్లో, ఫ్రిజ్‌ల్లో వాడే గ్యాసులకు, నాన్‌స్టిక్ పెనం మీది పూతకు, అల్యూమినియం తీయడానికి కావాల్సిన ఫ్లోరైడ్ లవణాలకు, యురేనియం శుద్ధికి, కొన్ని పెట్రోలు రిఫైనరీలకు, కంప్యూటర్ చిప్‌ల తయారీకి ఇది కావాలి. టైటానియం, జిర్కోనియం లాంటి మొండి లోహాలకు పికిలింగ్ చేయాలన్నా నైట్రిక్‌తో కలిపి దీన్నే వాడతారు. భూగర్భశాస్త్రం ల్యాబుల్లో రాతిపొడిని ద్రావణంగా మార్చడానికీ ఇదే. మందుల తయారీలోనూ ఫ్లోరిన్ ఉన్న అణువులు చాలా ఉన్నాయి. ప్రత్యామ్నాయం ఉన్నచోట మారడం మంచిదే, దాని గురించి కింద రాశాను.

ఒంట్లో ఏం చేస్తుంది

ఫ్లోరైడ్‌కు కాల్షియం అంటే విపరీతమైన ఆకర్షణ. దొరికిన కాల్షియాన్ని పట్టుకుని కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మారుస్తుంది. మెగ్నీషియాన్నీ అలాగే పట్టుకుంటుంది. నల్గొండ జిల్లా ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి ఎముకలు వంగిపోయినవాళ్ళను చూశాం కదా, అది ఇదే ఫ్లోరైడ్ లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల చొప్పున నెమ్మదిగా చేసిన పని. హెచ్‌ఎఫ్ ప్రమాదంలో అంతకంటే ఎన్నో రెట్ల మోతాదు కొన్ని నిమిషాల్లో ఒంట్లోకి చేరుతుంది.

ఒక లెక్క చూడండి. 1 గ్రాము హెచ్‌ఎఫ్ సుమారు 1 గ్రాము కాల్షియాన్ని పట్టుకోగలదు. పెద్ద మనిషి రక్తంలోని ప్లాస్మా 3 లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, దానిలో మొత్తం కాల్షియం సుమారు 300 మిల్లీగ్రాములు. అంటే దాన్నంతా కట్టిపడేయడానికి 0.3 గ్రాముల హెచ్‌ఎఫ్ చాలు. 5 శాతం పేస్టులో అది 6 గ్రాముల్లోనే ఉంటుంది. చర్మం మీద పడిందంతా లోపలికి పోదు, ఎముకలు కొంత కాల్షియాన్ని తిరిగి రక్తంలోకి వదులుతాయి, కాబట్టి పేస్టు కాస్త అంటుకున్న ప్రతివాడికీ ప్రాణం మీదికి రాదు. కానీ మనం ఏ కొలతల్లో ఆడుతున్నామో ఈ లెక్కతో తెలుస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోయి, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. గాఢమైన హెచ్‌ఎఫ్ శరీరం మీద 2.5 శాతం మేర పడి చనిపోయినవాళ్ళున్నారు. వేళ్ళతో సహా ఒక అరచేయి శరీరంలో సుమారు 1 శాతం. అంటే రెండున్నర అరచేతులంత చోటు.

ఇక నొప్పి సంగతి. 50 శాతం దాటిన హెచ్‌ఎఫ్ పడితే నొప్పి వెంటనే తెలుస్తుంది. 20 నుంచి 50 శాతం మధ్యదైతే గంట నుంచి 8 గంటలు పట్టవచ్చు. 20 శాతం లోపుదైతే 24 గంటల వరకు ఏమీ తెలియకపోవచ్చు. పికిలింగ్ పేస్ట్ ఈ చివరి తరగతిలోకే వస్తుంది. నైట్రిక్ ఉంది కాబట్టి కాస్త చురుక్కుమనవచ్చు, చేయి కడుక్కుంటే తగ్గిపోయిందనిపించవచ్చు. సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాక అర్ధరాత్రి వేలు లోపలినుంచి ఎవరో మెలిపెడుతున్నట్టు మొదలవుతుంది. పైన చూస్తే కాస్త ఎర్రదనం తప్ప ఏమీ ఉండదు. అందుకే డ్యూటీ డాక్టరు కూడా ఒక నొప్పి మాత్ర ఇచ్చి పంపేసే ప్రమాదం ఉంది.

1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక ల్యాబ్ టెక్నీషియన్ కూర్చుని ఒంటరిగా పనిచేస్తుండగా 70 శాతం హెచ్‌ఎఫ్ తొడల మీద ఒలికింది. ఒలికింది 100 నుంచి 230 మిల్లీలీటర్ల లోపే. రబ్బరు గ్లోవ్స్ ఉన్నాయి, ఆప్రాన్ లేదు. ఎమర్జెన్సీ షవర్ లేదు. కాల్షియం గ్లూకోనేట్ లేదు. పైపుతో కడుక్కుని, వెనక ఉన్న ఈతకొలనులోకి దూకాడు. కాలు తీసేయాల్సి వచ్చింది, 15 రోజులకు చనిపోయాడు. హెచ్‌ఎఫ్ భద్రత పాఠాల్లో ఈ కేసు తరచూ చెబుతారు, ఎందుకంటే ఇందులో లేనివన్నీ తక్కువ ఖర్చుతో ఏర్పాటు చేసుకోదగ్గవే.

మొదటి అడుగు: అసలు ఇది అవసరమా?

వెల్డింగ్ చేసేటప్పుడే లోపలి వైపు ఆర్గాన్ పర్జింగ్ (గాలిని తోసేసి ఆర్గాన్ వాయువు నింపడం) సరిగ్గా ఇస్తే ఆ వైపు రంగు చార చాలావరకు రాదు. వచ్చినదాన్ని ఎలక్ట్రోకెమికల్ క్లీనింగ్ మెషీన్‌తో తీయొచ్చు. అందులో సాధారణంగా ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం, కార్బన్ బ్రష్, కరెంటు ఉంటాయి, హెచ్‌ఎఫ్ ఉండదు. మెషీన్‌కు ఒకేసారి డబ్బు పెట్టాలి కాబట్టి చిన్న షాపులు వెనకాడతాయి. నెలకు రెండు మూడు డబ్బాల పేస్టు వాడే షాపు మాత్రం ఒకసారి కూర్చుని లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. సిట్రిక్ యాసిడ్‌తో సరిపోతుందని కొందరు అమ్ముతారు. అది ప్యాసివేషన్‌కు, అంటే స్టీల్ మీద తుప్పును అడ్డుకునే పొర ఏర్పడటానికి పనికొస్తుంది, కాలిన నల్ల చారను మాత్రం తీయలేదు.

రెండో అడుగు: లేబుల్, డేటా షీట్ చదవడం

డబ్బా మీద హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఫ్లోరైడ్, అమ్మోనియం బైఫ్లోరైడ్, ఈ నాలుగు మాటల్లో ఏది కనిపించినా ఈ మార్గదర్శి వర్తిస్తుంది. అమ్మోనియం బైఫ్లోరైడ్ తడి తగలగానే హెచ్‌ఎఫ్ లాగే పనిచేస్తుంది. కొన్ని అలాయ్ వీల్ క్లీనర్లలో, గాజు మీద మరకలు తీసే వాటిలో, తుప్పు మరకలు పోగొట్టే ద్రావణాల్లో ఇది ఉంటుంది. రవాణా డ్రమ్ముల మీద యూఎన్ 1790 అని ఉంటే హెచ్‌ఎఫ్ ద్రావణం, యూఎన్ 1052 అని ఉంటే నీళ్ళు లేని హెచ్‌ఎఫ్.

సప్లయర్ దగ్గర సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకోండి. ఇవ్వనివాడి దగ్గర సరుకు కొనకండి. దాని ప్రింటు రెండు కాపీలు తీసి ఒకటి గోడకు, ఒకటి ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో పెట్టండి. డబ్బా మీద తెలుగులోనూ, మీ షాపులో ఒడిశా, బిహార్ కుర్రాళ్ళుంటే హిందీలోనూ పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. పేస్టును గానీ ద్రావణాన్ని గానీ మంచినీళ్ళ సీసాలో పోసి ఇంకో సైటుకు పంపడం చాలాచోట్ల జరుగుతుంది. అది హత్యాయత్నంతో సమానమని నేను మొహమాటం లేకుండా అంటాను.

మూడో అడుగు: మందు ముందు

2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఈ పనికి ప్రాణాధారం. చర్మంలోకి దిగుతున్న ఫ్లోరైడ్‌కు బయటినుంచి కాల్షియం అందిస్తే అది దాన్ని పట్టుకుంటుంది, మన కండలోని కాల్షియం జోలికి పోవడం తగ్గుతుంది. పని జరిగేచోట ఒకటి, స్టోర్లో ఒకటి, పని చేసిన మనిషి ఆ రాత్రి ఇంటికి తీసుకెళ్ళడానికి ఒకటి ఉండాలి. ఎక్స్‌పైరీ తేదీ చూస్తూ మార్చాలి.

ఈ జెల్ మన మామూలు మందుల షాపుల్లో దొరకడం కష్టం. ఇండస్ట్రియల్ సేఫ్టీ సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర ఆర్డరు పెట్టాలి. అది వచ్చేలోపు దారి ఉంది. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్, 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్స్‌గా ఆస్పత్రి పక్క మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఒక ఆంప్యూల్‌ను 30 మిల్లీలీటర్ల నీటి ఆధారిత లూబ్రికేటింగ్ జెల్లీలో కలిపితే సరిగ్గా 2.5 శాతం వస్తుంది. మీ ఫ్యాక్టరీ డాక్టరు చేత గానీ ఫార్మసిస్టు చేత గానీ ఇది కలిపించి, తేదీ రాసి ఉంచుకోండి. ఇక్కడొక మెలిక ఉంది. షాపువాడు జెల్లీ అనగానే లిగ్నోకెయిన్ ఉన్నది చేతిలో పెడతాడు. అది తిమ్మిరెక్కిస్తుంది. ఈ వైద్యంలో నొప్పి తగ్గిందా లేదా అన్నదే మన కొలబద్ద కాబట్టి తిమ్మిరెక్కించేది వాడకూడదు. డబ్బా మీద చదివి, లిగ్నోకెయిన్ లేనిదే తీసుకోండి.

ఇంకో పని. మీ షాపుకు దగ్గర్లో ఉన్న పెద్ద ఆస్పత్రికి ఒకరోజు తీరిగ్గా వెళ్ళి, ఎమర్జెన్సీలో హెచ్‌ఎఫ్ గాయాలకు వైద్యం చేస్తారా, కాల్షియం గ్లూకోనేట్ నిల్వ ఉంటుందా అని కనుక్కోండి. ప్రమాదం జరిగాక మూడు ఆస్పత్రులు తిరిగే టెన్షన్ తప్పుతుంది.

నాలుగో అడుగు: ఒంటిమీద ఏముండాలి

డాక్టర్లు వాడే పలచటి రబ్బరు గ్లోవ్స్ గానీ, ఒకసారి వాడి పారేసే పలచటి నైట్రైల్ గ్లోవ్స్ గానీ నమ్ముకోవద్దు. మందపాటి నియోప్రీన్ లేదా బ్యూటైల్ గ్లోవ్స్, మోచేతి దాకా వచ్చేవి కావాలి. వేసుకునే ముందు గాలి ఊది, నొక్కి చిల్లి ఉందేమో చూడండి. సూదిమొనంత రంధ్రం ఉన్నా లోపలికి వెళ్ళిన చుక్క చర్మానికి అతుక్కుని గంటల తరబడి అలాగే ఉంటుంది. అసలు గ్లోవ్ లేకపోవడం కంటే అది ఘోరం.

కళ్ళకు గాలి చొరబడని గాగుల్స్, దాని మీద ఫేస్ షీల్డ్. పీవీసీ ఆప్రాన్. గమ్‌బూట్లు, ప్యాంటు అంచు బూటు బయటికే ఉండాలి. లోపలికి దోపితే కారిందంతా బూటులోకే దిగుతుంది. తోలు బూట్లు యాసిడ్ పీల్చుకుంటాయి, ఈ పనికి వద్దు. గుడ్డ మాస్కు వాసనను కూడా ఆపదు. యాసిడ్ గ్యాస్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. గాలిలో హెచ్‌ఎఫ్ పది లక్షల భాగాలకు 30 భాగాలుంటే ప్రాణాపాయమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఉంగరం, వాచీ, చేతికి కట్టుకున్న దారాలు తీసేయండి.

ఐదో అడుగు: నిల్వ

గాజు, లోహం, పింగాణీ ఏదీ వద్దు, హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) డబ్బా మాత్రమే. దాని కింద ప్లాస్టిక్ ట్రే. కంటి ఎత్తుకంటే కింద, తాళం వేసిన చోట, ఎండ పడకుండా ఉంచాలి. కాస్టిక్ సోడా, బ్లీచింగ్ పౌడర్, అమ్మోనియా దగ్గర పెట్టొద్దు. ఎండాకాలంలో రేకుల షెడ్డులో డబ్బా ఉబ్బుతుంది కాబట్టి మూత ఒక్కసారిగా తిప్పకుండా ముఖం పక్కకు పెట్టి నెమ్మదిగా వదులు చేయండి.

ఆరో అడుగు: పేస్టు రాయడం

వెల్డింగ్ స్లాగ్, నూనె, మట్టి ముందే శుభ్రం చేయండి. జిడ్డు మీద పేస్టు పనిచేయదు, పనిచేయలేదని ఇంకాస్త పులమడం మొదలవుతుంది. లోహం పూర్తిగా చల్లారాలి. మే నెలలో ఎండలో ఉన్న ట్యాంకు మీద రాస్తే పేస్టు ఎండిపోతుంది, హెచ్‌ఎఫ్ ఆవిరి, నైట్రిక్ నుంచి వచ్చే గోధుమరంగు పొగ రెండూ లేస్తాయి. ఆ పొగ కనిపిస్తే పని ఆపి దూరంగా రావాలి. తెల్లవారుజామున, నీడలో, గాలివాటం చూసుకుని చేయడం మేలు.

యాసిడ్‌కు తట్టుకునే ప్లాస్టిక్ బ్రష్‌తో అతుకు మీద మాత్రమే సమంగా రాయండి. ఎంతసేపు ఉంచాలన్నది స్టీల్ గ్రేడును బట్టి, ఆ రోజు వేడిని బట్టి మారుతుంది. 304 త్వరగా తేరుకుంటుంది, 316కు ఎక్కువసేపు కావాలి. సాధారణంగా అరగంట నుంచి గంటన్నర. మీ డబ్బా మీద రాసినదే ప్రమాణం. రాత్రికి రాసి పొద్దున కడగడం వల్ల లోహం కూడా గుంతలు పడి పాడవుతుంది.

కడిగేటప్పుడే ఎక్కువ ప్రమాదాలు. ప్రెషర్ వాషర్ పెట్టగానే పేస్టు తుంపరలుగా లేచి మెడ మీద, చెవుల వెనక పడుతుంది. ముందు తక్కువ ఒత్తిడితో దింపి, తర్వాతే ఒత్తిడి పెంచండి. గ్లోవ్స్, ఫేస్ షీల్డ్ చివరి నీటిబొట్టు దాకా తీయకూడదు. గ్లోవ్స్‌ను తొడుక్కునే ఉండి కడిగి, ఆ తర్వాత తీయాలి.

రియాక్టర్ లోపలికి దిగి రాయడం వేరే కథ. మూసి ఉన్న చోట ఆవిరి పోదు. పర్మిట్, ఎగ్జాస్ట్ బ్లోయర్, బయటినుంచి గాలి అందించే ఎయిర్‌లైన్ మాస్కు, మ్యాన్‌హోల్ దగ్గర కదలకుండా నిలబడే మనిషి, ఈ నాలుగూ లేకపోతే దిగనని చెప్పే హక్కు మీకుంది. ఎవరైనా లోపల పడిపోతే మాస్కు లేకుండా తీయడానికి దిగకండి.

ఏడో అడుగు: చర్మం మీద పడితే

పడిందన్న అనుమానం చాలు, నొప్పికోసం ఎదురుచూడొద్దు.

వెంటనే పారే నీళ్ళ కిందికి వెళ్ళండి. నీళ్ళు పడుతుండగానే బట్టలు తీసేయండి, సిగ్గు తర్వాత. జెల్ చేతిలో ఉంటే 5 నిమిషాలు ధారాళంగా కడిగితే చాలు, ఆ తర్వాతి సమయం జెల్‌కు ఇవ్వడమే మేలు. జెల్ లేకపోతే అది వచ్చేదాకా, లేదా అంబులెన్స్ వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి.

తర్వాత జెల్‌ను పడినచోటా, దాని చుట్టూ కూడా మందంగా రాసి, లోపలికి ఇంకేలా ఆపకుండా మర్దన చేయండి. రాసేవాళ్ళు గ్లోవ్స్ వేసుకోవాలి, లేకపోతే ఇద్దరు రోగులవుతారు. ప్రతి 15 నిమిషాలకూ కొత్త జెల్. నొప్పి పోయాక కూడా ఇంకో 15 నిమిషాలు కొనసాగించాలి. వేళ్ళకు, గోళ్ళకు అంటితే ఒక సర్జికల్ గ్లోవ్‌లో జెల్ నింపి అందులో చేయి పెట్టేయడం తేలిక. గోటి కిందికి పోయిన హెచ్‌ఎఫ్ మొండిది, గోరు తీయాల్సి రావచ్చు.

బర్నాల్, పసుపు, కొబ్బరినూనె, టూత్‌పేస్ట్, ఐస్, తినే సోడా ఏదీ పెట్టొద్దు. తినే సోడా ఆమ్లాన్ని చంపుతుంది గానీ ఫ్లోరైడ్‌ను పట్టుకోదు.

ఇవన్నీ చేస్తూనే 108కు ఫోన్ చేసి, మర్దన ఆపకుండానే ఆస్పత్రికి బయల్దేరండి. చిన్న మచ్చంత చోటే అయినా డాక్టరు చూడాలి. డేటా షీట్ ఇచ్చి, "హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పడింది, ఇంత శాతం, ఇన్నింటికి పడింది" అని స్పష్టంగా చెప్పండి. యాసిడ్ పడింది అని మాత్రమే చెబితే మామూలు కాలిన గాయంగానే చూస్తారు. ఈసీజీ, రక్తంలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం పరీక్షలు అడగండి. జెల్‌కు లొంగకపోతే కాల్షియం గ్లూకోనేట్‌ను చర్మం కింద, లేదా రక్తనాళంలోకి ఇస్తారు, అది డాక్టర్ల పని. సందేహం ఉంటే ఢిల్లీ ఎయిమ్స్‌లో 24 గంటలూ పనిచేసే జాతీయ విష సమాచార కేంద్రాన్ని డాక్టరు సంప్రదించవచ్చు.

కంట్లో పడితే రెప్పలు తెరిచి 15 నిమిషాలు నీళ్ళతో కడుగుతూ ఆస్పత్రికి. చర్మానికి రాసే జెల్ కంట్లో పెట్టకూడదు. పీల్చితే మనిషిని గాలిలోకి తీసుకురండి. ఆ క్షణం బాగానే ఉన్నా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం గంటల తర్వాత మొదలవ్వొచ్చు కాబట్టి ఆస్పత్రిలో పరిశీలనలో ఉంచాలి. మింగితే వాంతి చేయించొద్దు. స్పృహలో ఉంటే పాలు గానీ నీళ్ళు గానీ తాగించి పరుగెత్తండి.

ఎనిమిదో అడుగు: నేల మీద ఒలికితే

మన ఫ్యాక్టరీల్లో ఎర్ర బకెట్లలో ఇసుక వేలాడుతుంటుంది. హెచ్‌ఎఫ్ మీద ఆ ఇసుక చల్లొద్దు. ఇసుక అంటే సిలికా, రెండూ కలిస్తే సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. రంపపు పొట్టు కూడా వద్దు. పొడి సున్నం గానీ, సుద్దపొడి గానీ అంచుల నుంచి మధ్యకు చల్లుకుంటూ రావాలి. సున్నంలో ఉన్న కాల్షియం ఇక్కడా అదే పని చేస్తుంది. కాస్టిక్ సోడాతో ఆమ్లం పోయినా సోడియం ఫ్లోరైడ్ మిగిలి నీళ్ళలో కరిగే ఉంటుంది, అది కూడా విషమే. డబ్బాలు నిల్వ చేసేచోట ఒక బస్తా సున్నం ఎప్పుడూ ఉండాలి, తడిసి గడ్డకట్టకుండా.

డ్రమ్ములు, ట్యాంకర్ల స్థాయిలో అయితే మీరు చేయగలిగింది గాలికి ఎదురుగా దూరం పోవడం, ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయడం మాత్రమే. 2012 సెప్టెంబరు 27న దక్షిణ కొరియాలోని గుమి దగ్గర ట్యాంకర్ నుంచి దించుతుండగా సుమారు 8 టన్నుల హెచ్‌ఎఫ్ లీకై 5 మంది కార్మికులు చనిపోయారు. వాళ్ళ ఒంటిమీద సరైన రక్షణ దుస్తులు లేవు. చుట్టుపక్కల పొలాల్లో పైర్లు మాడిపోయాయి, వేలమంది చికిత్స కోసం ఆస్పత్రులకు వెళ్ళారు.

తొమ్మిదో అడుగు: కడిగిన నీళ్ళు

ఆ నీళ్ళలో ఫ్లోరైడ్‌తోపాటు స్టీల్ నుంచి వచ్చిన క్రోమియం, నికెల్ కూడా ఉంటాయి. షెడ్డు వెనక మోరీలోకి వదిలితే అవి బోరుబావుల్లోకే చేరతాయి. ప్లాస్టిక్ తొట్టిలో పట్టి, సున్నం పాలు కలుపుతూ పీహెచ్ 7 దాటించండి. తెల్లటి మడ్డి అడుగుకు దిగుతుంది. నదులు, చెరువుల్లోకి వదిలే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ నిబంధన, మురుగు కాల్వ వ్యవస్థకైతే 15. ఒక్క సున్నంతో 2కు దిగడం కష్టం, పటిక కూడా కలపాలి. నల్గొండ పద్ధతి పేరుతో తాగునీటిలో ఫ్లోరైడ్ తీయడానికి వాడిన సున్నం, పటిక జోడీయే ఇది. పరీక్ష చేయించకుండా కంటికి తేటగా ఉందని వదిలేయొద్దు. ఎక్కువ మొత్తంలో వచ్చేవాళ్ళు ఉమ్మడి శుద్ధి ప్లాంటుకు పంపడమే సరైన పని, అక్కడివాళ్ళకు ఫ్లోరైడ్ ఉందని ముందే చెప్పాలి.

అడుగున దిగిన మడ్డి ప్రమాదకర వ్యర్థం. గోనెసంచిలో కాకుండా, లేబుల్ అంటించిన మూత ఉన్న డ్రమ్ములో పెట్టి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న వాహనంలో పంపాలి. తెలంగాణ షాపులకైతే దుండిగల్, విశాఖ వైపువాళ్ళకు పరవాడ కేంద్రాలున్నాయి. వాడేసిన బ్రష్‌లు, చిరిగిన గ్లోవ్స్, ఖాళీ డబ్బాలు కూడా ఇందులోకే వస్తాయి. ఖాళీ డబ్బాను మూడుసార్లు సున్నపు నీళ్ళతో కడిగి, అడుగున చిల్లి పెట్టి పంపండి. మంచి డబ్బా కదా అని ఎవరో ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళు పట్టుకునే అవకాశం మిగల్చకండి.

ఆ రోజు రాత్రి

పేస్టు రాసిన మనుషుల పేర్లు, సమయం రిజిస్టరులో రాయించండి. ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి చేతులు, మణికట్టు, మెడ వెలుతురులో చూడండి. రాత్రిపూట వేలు గానీ, ఎక్కడైనా చర్మం గానీ కారణం లేకుండా సలపడం మొదలైతే పొద్దున దాకా ఆగొద్దని, జెల్ రాసుకుంటూ ఆస్పత్రికి వెళ్ళమని, వాళ్ళకే కాదు, ఇంట్లోవాళ్ళకు కూడా ఫోన్ చేసి చెప్పండి. సూపర్‌వైజరు ఫోన్ ఆ రాత్రి సైలెంట్‌లో ఉండకూడదు.